ఎర్తు లేకపోయినా బల్బు వెలుగుతుంది

మస్కట్ నుంచి నిజ్వా రోడ్డు ఎక్కితే కాసేపటికే రుసైల్ వస్తుంది. బయటివాళ్లకు ఈ పేరు ఫ్యాక్టరీలకే గుర్తు. ఒమన్‌లో మొదటి పారిశ్రామికవాడ 1983లో ఇక్కడే మొదలైంది. నా ఉద్యోగం ఆ షెడ్లలో, ప్యానెల్ బోర్డుల దగ్గర. శుక్రవారాలు మాత్రం మబేలా, అల్ ఖూద్ వైపు మనవాళ్ల ఇళ్లలో గడిచిపోతుంటాయి. "బాబాయ్, ఇల్లు చూశాం, అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్కసారి వైరింగు చూసి పెడతారా" అని ఫోన్ వస్తుంది. టెస్టర్, మీటరు జేబులో వేసుకుని బయల్దేరతాను.

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మనవాళ్లు ఏం చూస్తారో నాకు కంఠతా వచ్చు. ఏసీలు ఎన్ని, నీళ్ల ధార ఎలా ఉంది, స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుంది, బండి ఎక్కడ పెట్టుకోవాలి. కరెంటు సంగతికొస్తే ఒక స్విచ్చు వేస్తారు, లైటు వెలుగుతుంది, "కరెంటు బాగానే ఉంది" అనేస్తారు. వెలగడం భద్రతకు సాక్ష్యం కాదు. మనల్ని కాపాడాల్సిన భాగాలన్నీ మామూలు రోజుల్లో ఖాళీగా కూర్చునేవే. ఉన్నా లేకపోయినా ఇంట్లో పని ఆగదు కాబట్టి వాటి లోటు ఎవరికీ కనిపించదు. ఇళ్లు తిరిగి చూసి నేను నేర్చుకున్నవన్నీ దాదాపుగా ఇందులోంచి వచ్చినవే.

1. ముందు మూడో తీగను చూడాలి

బల్బు వెలగడానికి రెండు తీగలు చాలు, ఫేజు, న్యూట్రల్. పచ్చ పసుపు చారలున్న మూడో తీగ, ఎర్తు, తెగిపోయినా మిక్సీ తిరుగుతుంది, ఫ్రిజ్జులో పాలు చల్లగానే ఉంటాయి. తెలిసేదల్లా ఒక్కటే. ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే ఎప్పుడైనా చిన్నగా చురుక్కుమంటుంది. అడిగితే ఇంటావిడ "చెప్పులేసుకుంటే ఏం కాదు అన్నయ్యగారూ" అంటుంది. ఆ చురుకు కొన్నిసార్లు చిన్న లీకేజీయే అయ్యుండొచ్చు. అయినా అది మీ చేతిదాకా వచ్చిందంటే నేలలోకి పోయే దారి మూసుకుపోయిందన్నమాట. రేపు లోపల ఫేజు తీగ ఒరుసుకుపోయి రేకును తాకితే వచ్చేది చురుకు కాదు.

ఇక్కడి నేల సంగతి వేరే చెప్పాలి. వాది, అంటే వానకే పారే వాగు, తెచ్చిపోసిన గులకరాళ్లు, కింద రాయి. ఏడాదిలో చాలా నెలలు మట్టిలో తేమ అన్నదే ఉండదు. కాంపౌండు గోడ పక్కన ఎర్తు గొయ్యి ఉంటే దాని మూత తీయించి చూస్తాను. క్లాంపు తుప్పు పట్టి తీగ ఊడి పక్కన పడి ఉండటం కొత్త కాదు. ఇంకొన్నిచోట్ల యజమాని వాకిలికి టైల్స్ వేయించినప్పుడు గొయ్యి కిందే ఉండిపోతుంది. మళ్లీ ఎవరూ దాన్ని చూడరు.

రాడ్డు బాగున్నా ఒక లెక్క ఉంది. ఒమన్‌లో ఇంటికి వచ్చేది 240 వోల్టులు. ఎర్తు నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. రేకుకు ఫేజు తగిలితే నేలలోకి పారేది 12 ఆంపియర్లు. బోర్డులో ఉన్నది 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ, అంటే ట్రిప్పరు. దానికి 12 అంటే ఏసీ నడుస్తున్నట్టే లెక్క, అది పడిపోదు. రేకు అలాగే దాదాపు 240 వోల్టుల మీద నిలబడి ఉంటుంది. అందుకే ఎర్తు ఒక్కటీ సరిపోదు.

2. ఎమ్‌సీబీ తీగ కోసం, ఆర్‌సీసీబీ మనిషి కోసం

"బోర్డులో అన్నీ ట్రిప్పర్లేగా" అంటారు. కాదు. ఎమ్‌సీబీ కాపాడేది గోడలోని తీగని. ఎక్కువ కరెంటు లాగి తీగ కాలిపోకుండా చూడటమే దాని పని. మనిషి ప్రాణం తియ్యడానికి అంత కరెంటు అక్కర్లేదు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు మనుషుల మీదే పరీక్షలు చేసి కొలిచాడు. పట్టుకున్న తీగను మన ఇష్టంతో వదిలెయ్యగలిగే హద్దు మగవాళ్లకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు సుమారు 10.5. అది దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి తీగను వదలవు. 16 మిల్లీ ఆంపియర్లంటే 16 ఆంపియర్లలో వెయ్యో వంతు. ఎమ్‌సీబీకి అది లెక్కలోకే రాదు. ఆ డాల్జీలే 1961లో అమెరికాలో ఇలాంటి ప్రాణరక్షణ పరికరానికి రూపం ఇచ్చాడు.

ఆర్‌సీసీబీ, పాతవాళ్ల మాటలో ఈఎల్‌సీబీ, చేసేది కూడికా తీసివేతా మాత్రమే. ఫేజులో వెళ్లింది ఎంత, న్యూట్రల్‌లో తిరిగొచ్చింది ఎంత. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని కట్ చేసేస్తుంది. దాని మీద అచ్చు వేసిన అంకె చదవండి. పాత ఇళ్లలో 100 అనీ 300 అనీ ఉన్నవి చూశాను. అవి అగ్ని ప్రమాదాన్ని తగ్గిస్తాయేమో గానీ మనిషిని కాపాడేందుకు పెట్టినవి కావు. ఇంకోటి, ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు. దానికి అతను ఒక బల్బులాగే కనిపిస్తాడు.

దాని మీద 'టి' అని ఉండే చిన్న మీట నొక్కి చూడమంటే చాలామంది భయపడతారు, ఏదో పేలుతుందేమోనని. నొక్కండి. పడిపోకపోతే అది చచ్చిపోయినట్టు. పడిపోయినా పని అయిపోలేదు. నేను ప్రతి ఇంట్లో చేసేదీ, మిగతా ఎలక్ట్రీషియన్లు చేయగా అంతగా చూడనిదీ ఇది: మీట నొక్కి ఆర్‌సీసీబీ పడిపోయాక ఇల్లంతా తిరుగుతాను. ప్రతి గదిలో, వంటింట్లో, బాత్రూములో, మేడ మీద, వాకిట్లో దేనికి ఇంకా కరెంటు ఉందో చూస్తాను. ఎక్కడో ఒకచోట లైటు వెలుగుతూనే ఉంటుంది, లేదా గీజర్ ఎర్ర దీపం అలాగే ఉంటుంది. అంటే చాలాసార్లు ఎవరో ఆ లైనును ఆర్‌సీసీబీ దాటించి నేరుగా మెయిన్‌కు కలిపేసి ఉంటారు. ఎందుకు కలుపుతారో మూడో పాఠంలో చెబుతాను. ఆ మీట ఎర్తును పరీక్షించదన్నది కూడా గుర్తుంచుకోండి. ఎర్తు పూర్తిగా తెగిపోయిన ఇంట్లో కూడా మీట నొక్కితే ఆర్‌సీసీబీ ఠక్కున పడిపోతుంది.

3. గీజర్‌కు నవంబరులో గండం

గల్ఫ్‌కు కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు గానీ ఇక్కడ వేసవిలో గీజర్ చన్నీళ్ల కోసం. మేడ మీద ట్యాంకులో నీళ్లు మరిగిపోతుంటాయి, చన్నీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. అందుకని గీజర్ కట్టేస్తారు. ఏసీ గదుల మధ్య, ఫాల్స్ సీలింగ్ పైన ఉన్న ఆ ట్యాంకులో నీళ్లు చల్లబడతాయి. స్నానానికి వేడి కుళాయి తిప్పుకుంటారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఇదే వరస.

ఇన్ని నెలలు ఎలిమెంటు కరెంటు లేకుండా నీళ్లలో నానుతుంది. పైతొడుగు ఎక్కడైనా చిట్లి ఉంటే లోపలికి తేమ పోతుంది. నవంబరులో ఒక చల్లని ఉదయం ఎవరో స్విచ్చు వేస్తారు. ఆర్‌సీసీబీ పడిపోతుంది. మళ్లీ ఎత్తుతారు, మళ్లీ పడుతుంది. అప్పుడు ఫోన్ చేస్తే వచ్చే కుర్రాడు పది నిమిషాల్లో "సరిచేసి" పోతాడు. చేసిందేమిటంటే గీజర్ తీగను ఆర్‌సీసీబీ నుంచి తప్పించడం. వేణ్ణీళ్లు వస్తాయి, అందరూ సంతోషం. ఇంట్లో నీరూ మనిషీ కరెంటూ కలిసే చోటే రక్షణ తీసేశారన్న సంగతి ఎవరికీ తట్టదు. ఆర్‌సీసీబీ పడిపోవడం రోగం కాదు. కొత్త ఎలిమెంటు కొన్ని రియాళ్లతో పోతుంది, అదీ చాలాసార్లు యజమానే ఇస్తాడు, అడిగితే.

గీజర్ కిందో పక్కనో ఒక చిన్న ఇత్తడి వాల్వు ఉంటుంది. వేడికి నీళ్లు పెరిగి ఒత్తిడి ఎక్కువైతే అదే వదిలేస్తుంది. అది చుక్కలు కారుస్తుంటే కొందరు దాని మూతికి ప్లగ్గు బిగించేస్తారు. థర్మోస్టాట్ ఎప్పుడైనా అతుక్కుపోయి ఎలిమెంటు ఆగకుండా మరిగిస్తే ఆ ట్యాంకు బాంబుతో సమానం. మూతి మూసిన గీజర్ కనిపిస్తే నేను మిగతా ఇల్లు చూడను, ముందు దాని స్విచ్చు కట్టి టేపు వేస్తాను. స్నానం చేసేటప్పుడు గీజర్ కట్టేసుకోమని మన ఊళ్లలో పెద్దవాళ్లు చెబుతారు కదా, అది చాదస్తం కాదు. డబ్బు ఖర్చులేని అలవాటు.

4. ఎర్తు రంధ్రంలో పెన్ను పెట్టి తెరిచే ఇళ్లు

ఒమన్‌లో బ్రిటన్ వాళ్ల చదరపు మూడు పిన్నుల ప్లగ్గు. బీఎస్ 1363 అన్న ఆ ప్రమాణం 1947లో వచ్చింది. దాన్ని ఆలోచించినవాళ్ల తెలివికి నేను ఇప్పటికీ ముచ్చటపడతాను. పైన ఉన్న ఎర్తు పిన్ను మిగతా రెండింటికంటే పొడుగు. అది ముందు దూరి లోపలి తలుపుల్ని తెరుస్తుంది. ఎర్తు కలవకుండా కరెంటు కలవదు, పిల్లలు పుల్ల దూర్చినా ఫేజు తగలదు. మనవాళ్లు ఏం చేస్తారు? ఊరినుంచి తెచ్చిన రెండు పిన్నుల చార్జర్ కోసం పైరంధ్రంలో బాల్‌పెన్ను దూర్చి తలుపులు తెరుస్తారు. పెన్ను మొన లోపల విరిగిపోయి ఆ సాకెట్ తలుపులు శాశ్వతంగా తెరుచుకుని ఉండటం చూశాను, పక్కనే పాకే పిల్ల ఉన్న ఇంట్లో.

వెట్ గ్రైండర్ ఇంకో కథ. ఇడ్లీ పిండి కోసం కోయంబత్తూరు గ్రైండరు బోలెడు ఖర్చు పెట్టుకుని తెచ్చుకుంటారు. దాని ప్లగ్గు గుండ్రటి మూడు పిన్నులది, ఇక్కడ పట్టదు. అందుకని బజారులో దొరికే అన్నిదేశాల అడాప్టర్. వాటిలో చాలావాటికి ఎర్తు రంధ్రం చూడటానికి ఉంటుంది, లోపల దేనికీ కలిసి ఉండదు. తడి చేతులు, రేకు ఒళ్లు, నీళ్లు ఒలికే వంటగట్టు. ఆ ప్లగ్గు కోసేసి మంచి 13 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించండి.

కొత్త ప్లగ్గు కొనేటప్పుడు ఎర్తు పిన్ను చూడండి. ఫేజు, న్యూట్రల్ పిన్నులకు మొదట్లో నల్లటి తొడుగు ఉండటం మంచిదే, వేళ్లు తగలకుండా పెట్టినది. ఎర్తు పిన్నుకు కూడా ఆ తొడుగు ఉంటే అది నకిలీ. అక్కడ తొడుగుంటే సాకెట్ లోపల ఎర్తు సరిగ్గా తాకకపోవచ్చు. ఇది అక్కడికక్కడే, ఏ పరికరం లేకుండా కంటితో పట్టుకోగల తప్పు, అయినా ఎవరూ చూడరు. ప్లగ్గు లోపల ఫ్యూజుంటుందని కూడా సగంమందికి తెలియదు. తెలిసినవాళ్లలో కొందరు అది పోతే సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టి పెడతారు. టేబుల్ లైటుకు 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అన్నిటికీ 13 పెట్టెయ్యడం మన బద్ధకం.

5. వేడి అనే దొంగ

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే గల్ఫ్ ఇళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ గొట్టంలో వేస్తే 24 ఆంపియర్లు మోస్తుందని పుస్తకాల పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక 30 డిగ్రీల గాలికి రాసింది. రుసైల్‌లో జూన్ మధ్యాహ్నం నీడలోనే 45 దాటుతుంది. మేడ స్లాబులో, ఎండ పడే గోడలో ఉన్న గొట్టం లోపల 50 అనుకోవడం అతి కాదు. పీవీసీ తీగకు 50 డిగ్రీల దగ్గర వాడే గుణకం 0.71. అంటే 24 కాస్తా 17 అయిపోతుంది. అదే తీగ, అదే ఇల్లు. జనవరిలో మోయగలిగింది జూన్‌లో మొయ్యలేదు. ఏసీ గట్టిగా తిరిగేది జూన్‌లోనే.

ఇప్పుడు ఆ లైనులో 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ ఉంది. ఒక వేసవిలో ఏసీ పాతబడో, కండెన్సర్ దుమ్ము పట్టో ఎక్కువ కరెంటు లాగి ఎమ్‌సీబీ మాటిమాటికీ పడిపోతుంది. రాత్రి నిద్రలేని ఇంటాయన టెక్నీషియన్‌ను పిలుస్తాడు. అతను 32 పెట్టి పోతాడు. ఇక పడిపోదు. 32 ఎమ్‌సీబీ నిబంధన ప్రకారమే 36 ఆంపియర్ల దాకా గంటసేపు పడిపోకుండా ఉండొచ్చు. దాని వెనక గోడలో ఉన్నది 17 మాత్రమే మొయ్యగల తీగ. బోర్డు మూత తీసి ఎమ్‌సీబీ అంకె, దాని కింది తీగ లావు పక్కపక్కన చూడటం నా మొదటి పనుల్లో ఒకటి. అన్ని ఎమ్‌సీబీలూ పాతబడి పసుపెక్కి, ఒక్కటి మాత్రం తెల్లగా కొత్తగా మెరుస్తుంటే అక్కడే ఆగండి.

రెండో వేడి, వదులు స్క్రూది. ఏసీ స్విచ్చు వెనక స్క్రూ సరిగ్గా బిగించలేదు, ఆ అతుకులో అర ఓమ్ నిరోధం పుట్టిందనుకోండి. 12 ఆంపియర్లు పారితే ఆ చిన్న చోట 72 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో సోల్డరింగ్ ఐరన్ చాలావరకు అంతకంటే తక్కువ. అది రోజుకు పది గంటలు మీ గోడలో కూర్చుని ఉంటుంది. ఎమ్‌సీబీకి కనిపించేది 12 ఆంపియర్లే, అది మామూలు. ఆర్‌సీసీబీకి వెళ్లిందీ వచ్చిందీ సమానమే. అంటే ఏ ట్రిప్పరూ పట్టుకోని తప్పు ఇది. మీ ముక్కూ చెయ్యీ పట్టుకోవాలి. ఏసీ గంట నడిచాక స్విచ్చు ప్లేటు మీద వేళ్ల వెనక భాగం ఆనించండి. గోరువెచ్చన అయితే సరే. ఆనించిన చెయ్యి తీసెయ్యాలనిపిస్తే ఆ లైను కట్టి మనిషిని పిలవండి. ప్లేటు అంచున గోధుమరంగు మరక, చేపల కంపులాంటి వాసన, ఏసీ మొదలయ్యేటప్పుడు లోపల చిటచిట, ఇవి మూడూ ఆ అతుకు ముసలిదవుతున్న గుర్తులు. ఆ కంపును చచ్చిన బల్లి వాసన అనుకుని అగరొత్తి వెలిగించిన ఇల్లు కూడా ఉంది.

2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. మంటను ఇరవై అంతస్తులు ఎక్కించింది గోడల బయటి తొడుగు. కానీ అది పుట్టింది నాలుగో అంతస్తులో ఒక ఇంటి ఫ్రిజ్జు దగ్గర. ఫ్రిజ్జు ఏడాది పొడవునా ఆగకుండా నడిచే యంత్రం, అందుకే ఎవరూ దాన్ని లెక్కచెయ్యరు. దాని ప్లగ్గు ఆఖరిసారి ఎప్పుడు ఊడదీసి చూశారో గుర్తుందా?

6. కొన్ని గదుల్లో వెలుగు పెరిగి, కొన్నిట్లో తగ్గితే

మెయిన్ కట్టెయ్యండి. ఆలోచించొద్దు. విల్లాల్లో మూడు ఫేజుల కరెంటు ఉంటుంది. న్యూట్రల్ ఎక్కడో వదులైతే గదుల మధ్య వోల్టేజీ పంపకం చెడి ఒకచోట 150, ఇంకోచోట 300 దాటుతుంది. గట్టిగా చెడితే 415 దాకా పోవచ్చు. టీవీలు, రౌటర్లు వరసగా పోవడం మీరు చూసే మొదటి గుర్తు. అప్పుడు టెస్టర్ పెడితే సాకెట్‌లో రెండు రంధ్రాల్లోనూ వెలగొచ్చు. "రెండు ఫేజులు వస్తున్నాయి" అని కంగారు పడతారు. వచ్చింది రెండో ఫేజు కాదు, తిరిగి పోవాల్సిన దారి తెగింది.

తీగల రంగుల గురించి ఇక్కడే చెప్పాలి. పాత బ్రిటిష్ పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. మన దేశంలోనూ మనం నేర్చుకున్నది అదే. బ్రిటన్ 2004లో మొదలుపెట్టి 2006 ఏప్రిల్ నుంచి తప్పనిసరిగా రంగులు మార్చింది. కొత్త పద్ధతిలో గోధుమ, నలుపు, బూడిద ఫేజులు, నీలం న్యూట్రల్. అంటే నలుపూ నీలమూ స్థానాలు మార్చుకున్నాయి. పాత విల్లాకు కొత్త గది కలిపిన ఇంట్లో ఒకే బోర్డులో రెండు తరాల రంగులూ దొరుకుతాయి. రంగు చూసి నమ్మే ఎలక్ట్రీషియన్ అక్కడ ఫేజును న్యూట్రల్ బారుకు కలిపేస్తాడు. మీటరు పెట్టకుండా రంగు చెప్పేవాణ్ణి మా బోర్డు దగ్గరికి రానివ్వను.

7. ఆర్పినా మినుకుమినుకుమనే ఎల్‌ఈడీ

స్విచ్చు కట్టాక కూడా బల్బు సన్నగా వెలుగుతుంటే స్విచ్చును న్యూట్రల్ మీద వేశారేమో చూడాలి. స్విచ్చులోని చిన్న దీపం వల్ల కూడా అలా జరుగుతుంది. కానీ మొదటిదైతే, లైటు ఆరినా హోల్డరులో ఫేజు ఉంటుంది. బల్బు మార్చడానికి స్టూలెక్కినవాడు కింద పడతాడు, షాక్ కంటే పడటమే ఎక్కువ దెబ్బ.

8. వానపడని ఊళ్లో వాన

రుసైల్‌లో వాన అపురూపం. అందుకే బయటి వైరింగు తప్పులన్నీ నెలల తరబడి దాక్కుంటాయి. మేడ మీద మోటారు స్విచ్చు పెట్టె మూత ఎండకు పగిలిపోయి ఉంటుంది. తోట లైట్ల తీగలకు చుట్టిన టేపు జిగురు కరిగి రాలిపోయి ఉంటుంది. ఎండరోజు ఏమీ కాదు. వాన రాగానే పిల్లలు బయటికి పరుగెడతారు, వాన చూడటమే ఇక్కడ పండగ. తడిసిన కాంపౌండు, చెప్పుల్లేని కాళ్లు, ఇనుప గేటు మీద అలంకారపు లైటు. వానొస్తే బయటి లైన్ల ఎమ్‌సీబీలు ముందే కట్టెయ్యాలి. ఆ ఎమ్‌సీబీ ఏదో తెలియాలంటే దాని కింద పేరు రాసి ఉండాలి. చాలా బోర్డుల్లో పేర్లుండవు, ఉన్నా పాత అద్దెవాళ్లు తప్పు రాసి పోయినవి. ఒక్కోటీ కట్టి చూసి తెలుగులోనే రాసి అంటించండి. ఇంట్లో పిల్లలతో సహా అందరికీ మెయిన్ ఎక్కడుందో చూపించండి. ఎవరైనా కరెంటు పట్టుకుంటే ముట్టుకోకుండా ముందు మెయిన్ కట్టాలి, తరవాత 9999కు ఫోన్ చెయ్యాలి.

2007 జూన్‌లో వచ్చిన గోను తుపానును, 2021 అక్టోబరు 3న షాహీన్ తుపాను తీరం దాటినప్పుడు బాతినా వైపు ఇళ్లలోకి వచ్చిన నీటిని తలచుకోండి. నీళ్లు సాకెట్ల ఎత్తుకు వచ్చిన ఇంట్లో నీరు తగ్గగానే మెయిన్ ఎత్తొద్దు. బురద సాకెట్ లోపల ఉంటుంది, పైకి గోడ ఆరిపోయినట్టే కనిపిస్తుంది. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి ఒక్కో లైనూ చూశాకే వెయ్యాలి.

9. ఒక గదిని నాలుగు చేసిన ఇళ్లు

జిప్సం బోర్డులతో గదిని పంచుకుని ఉండేవాళ్లకు నేను మొదట చెప్పేది లెక్క. గోడ సాకెట్ ఒక్కటి ఇవ్వగలిగేది 13 ఆంపియర్లు, అంటే 3,120 వాట్లు. కెటిల్ 2,200, రైస్ కుక్కర్ 700, ఇస్త్రీ పెట్టె 1,200. ఉదయం డ్యూటీ బస్సుకు ముందు మూడూ ఒకేసారి నడుస్తాయి, ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సుకు. ఆ తీగ పరుపు కిందుగా పోతుంది. చుట్టగా చుట్టిన రీలు విప్పకుండా వాడటం ఇంకా ఘోరం, వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఇక్కడ నేను కుర్రాళ్లను తిట్టను. సాకెట్లు లేని చోట వాళ్లు ఏం చేస్తారు? ఒమన్‌లో ఇళ్ల వైరింగుకు ఓఈఎస్ 4 అనే ప్రమాణం ఉంది. గదిని నాలుగు చేసి అద్దె నాలుగుసార్లు తీసుకునేవాడికి ఆ పేరు కూడా పట్టదు. ఫిర్యాదు చేస్తే ఖాళీ చెయ్యమంటారని భయం. అందుకని చిన్న దారి చెబుతుంటాను: మాడిన సాకెట్ ఫొటో తీసి తారీఖుతో యజమానికి వాట్సాప్‌లో పంపండి, మర్యాదగా. నోటితో చెప్పింది మరిచిపోతాడు. ఫొటో చూశాక పట్టించుకోకపోతే రేపు తనకే చిక్కని అతనికి తెలుసు. చాలాసార్లు మూడో రోజు ఎలక్ట్రీషియన్ వస్తాడు.

10. ఊళ్లో కట్టిన ఇల్లు

ఇక్కడి జీతంతో కోనసీమలోనో జగిత్యాలలోనో రెండంతస్తుల ఇల్లు లేపుతాం. గ్రానైటు మీద, సీలింగ్ లైట్ల మీద లక్షలు పెడతాం. బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా అని అడిగితే మేస్త్రీ మొహం చూస్తాం. 5 కిలోవాట్లు దాటిన కనెక్షన్లకు లీకేజీ రక్షణ పరికరం ఉండాలని మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనల్లోనే చెప్పింది. మూడు ఏసీలు పెట్టిన ఇల్లు ఆ లెక్క సులువుగా దాటుతుంది. లోడు తక్కువైనా పెట్టించండి, చట్టం కోసం కాదు.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ కట్టినా కొన్ని గదుల్లో కరెంటు ఉంటుంది. మన ఊరి ఎలక్ట్రీషియన్లకు ఇది తెలుసు. ఫ్యాను విప్పడానికి తనే స్టూలెక్కే బావమరిదికి తెలియదు. ఇన్వర్టర్ స్విచ్చు కూడా కట్టమని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి.

ఇక బట్టలారేసే దండెం. వానాకాలంలో ఊరి పత్రికల్లో ఈ వార్త లేని ఏడాది ఉండదు. ఇనుప తీగ మీద తడిబట్ట వేస్తూ ఒకరు, వాళ్లను లాగబోయి ఇంకొకరు. ఆ తీగ ఒక కొస రేకుల షెడ్డు కమ్మీకో, సర్వీసు వైరు ఆనుకున్న గొట్టానికో కట్టి ఉంటుంది. సర్వీసు వైరు తొడుగు గాలికి ఊగి ఊగి అక్కడ ఒరుసుకుపోతుంది. వాన పడేదాకా ఏమీ తెలియదు. ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మను అడగండి, దండెం దేనికి కట్టారో, తీగా తాడా అని. తీగ అయితే తమ్ముణ్ణి నైలాన్ తాడు కొనుక్కొచ్చి, షెడ్డుకు కాకుండా రెండు కర్రలు పాతి వాటికి కట్టమనండి. కట్టాక ఫొటో పంపమనండి.